ఎకరం అమ్మి హెల్త్ లా చదవాలా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వయసు 26, జీతం నెలకు 24 వేలు. రోగుల హక్కులు, ఆసుపత్రులకు సంబంధించిన చట్టాల మీద పనిచేయాలని కోరిక. ఇంగ్లండ్‌లో హెల్త్ లా అండ్ పాలసీలో ఏడాది పీజీకి అన్నీ కలిపి 25 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. నాన్నకు సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాలు ఉంది. ఒక ఎకరం అమ్మేద్దాం అంటున్నారు. అమ్మాలా, లోన్ తీసుకోవాలా? మేం బీసీలం. 5 లక్షల చిట్టీ ఇంకా పది నెలలు కట్టాలి.

జవాబు: భూమి అమ్మకండమ్మా. కొనేవాళ్ల దగ్గర బయానా తీసుకోకముందే ఈ మాట నాన్నకు చెప్పండి. 25 లక్షల లోన్ కూడా ఇప్పుడు వద్దు. చదువు మాత్రం మానొద్దు.

ముందు లోన్ లెక్క చూద్దాం. వడ్డీ 11 శాతం అనుకోండి. చదివే ఏడాది, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీలు ఉండవు కానీ వడ్డీ ఆగదు. ఆ రెండేళ్లలోనే అప్పు 30.5 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 42 వేలు కట్టాలి. అక్కడే ఉద్యోగం చేసి తీర్చేస్తానని మీరు అనుకోవచ్చు. చదువయ్యాక అక్కడ ఉండి పని వెతుక్కునే వీసాను, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నారు. తిరిగొస్తే ఇక్కడి జీతంతో ఆ కిస్తీ మోయలేరు. భూమి అమ్మితే కిస్తీ బాధ ఉండదు, నిజమే. కానీ అనుకున్న ఉద్యోగం రాకపోతే లోన్ గడువునైనా పెంచమని బ్యాంకును అడగొచ్చు. అమ్మిన ఎకరాన్ని అదే ధరకు మళ్లీ కొనలేం.

ఇక అసలు విషయం. మీరు కోర్టులో రోగుల తరఫున వాదించాలనుకుంటున్నారా, ఆసుపత్రిలోనో ప్రభుత్వ పథకాల్లోనో నియమాలు చూసే పని చేయాలనుకుంటున్నారా? డబ్బు లెక్క దీన్నిబట్టే మారుతుంది. వాదించాలంటే ఇక్కడి ఎల్‌ఎల్‌బీ తప్పనిసరి, ఇంగ్లండ్ పీజీ ఒక్కటే ఉంటే న్యాయవాది కాలేరు. మీ డిగ్రీతో లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. అయితే దూరవిద్య ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, క్లాసులకు వెళ్లాల్సిందే. నైట్ డ్యూటీలు చేస్తూ హాజరు నిలబెట్టుకోవడం చాలా కష్టం.

మీ ఉత్తరం చూస్తే రెండో దారే మీకు నప్పుతుందనిపిస్తోంది. వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికే వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే సేవలో లోపం ఉంటే రోగి ఆసుపత్రి మీద కేసు వేయొచ్చు. అంగీకార పత్రాలు, కేస్ షీట్లు సరిగా ఉన్నాయా అని చూడగలిగే మనిషి ఆసుపత్రికి ఎంత అవసరమో వార్డులో పనిచేసే మీకు వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేస్తూనే హైదరాబాద్‌లోని లా యూనివర్సిటీ నల్సార్ దూరవిద్యలో మెడికల్ లా అండ్ ఎథిక్స్ పీజీ డిప్లొమా చేయండి. ఏడాది కోర్సు, ఫీజు వేలల్లోనే ఉంటుంది. ఈ సబ్జెక్టు మీద మీ ఇష్టం ఎంత గట్టిదో ఆ ఏడాదిలో తేలిపోతుంది.

ఆ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ పీజీకి ప్రయత్నించండి. కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద ఇలాంటి పేరున్న సంస్థల్లో సీటు వస్తే హామీ, తనఖా లేకుండా లోన్ ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉన్నవారికి, 10 లక్షల వరకు లోన్ మీద చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కాకపోతే ఈ రాయితీ ఏటా పరిమిత సంఖ్యలోనే ఇస్తారు, వస్తే మేలు. అప్పు 6 లక్షలకు చేరిందనుకున్నా, 10 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు 10 వేలు. ఇది మీరు మోయగలిగిన అప్పే.

అప్పటికీ విదేశం వెళ్లాలనిపిస్తే మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకపోతే 20 లక్షల దాకా సాయం చేస్తారు. ఏ సబ్జెక్టులకు ఇస్తారో జాబితా ఉంటుంది. మీ కోర్సు పేరు అందులో ఉందో లేదో నల్గొండలో జిల్లా బీసీ సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. అది తేలేదాకా కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

చిట్టీని తొందరపడి పాడుకోకండి. నష్టానికి పాడితే చేతికొచ్చేది తగ్గిపోతుంది. పది నెలలు ఓపిక పట్టండి, డిప్లొమా కూడా అప్పటికి పూర్తి కావస్తుంది. వచ్చిన డబ్బులో లక్షన్నర ఇంటి అవసరాలకని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, మిగతాది హైదరాబాద్‌లో చదివే రెండేళ్ల హాస్టల్, తిండి ఖర్చులకు ఉంచుకోండి.