తాతగారి తూటాల పెట్టెకు ధర ఎంత?

ప్రశ్న: మాది మలక్‌పేట. వేట మీద మక్కువ ఉన్న మా తాతగారి లైసెన్సు రైఫిల్‌ను ఆయన పోయాక పోలీసులకు అప్పగించాం. ఈ మధ్య పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే కైనాక్ అనే బ్రిటిష్ కంపెనీ అట్ట డబ్బాల్లో కొన్ని తూటాలు బయటపడ్డాయి. విదేశాల్లో వీటికి మంచి ధర ఉందని బంధువులు అంటున్నారు. విలువ ఎలా కట్టాలి? రెండు లక్షలు పెట్టి ఇలాంటివే సేకరిస్తే పెట్టుబడిగా పనికొస్తుందా?

జవాబు: ప్రస్తుతం ఆ డబ్బాలను మీ ఆస్తుల జాబితాలో రాయలేం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకే కాదు, తూటాకూ లైసెన్సు ఉండాలి. అది ఇల్లూ పొలంలాగా వారసులకు సంక్రమించదు. తన దగ్గర ఆయుధం ఉందన్న ఎరుక ఉంటేనే దాన్ని స్వాధీనంగా పరిగణించాలని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది కానీ, డబ్బా తెరిచి చూశాక ‘మాకు తెలియదు’ అనే వీలు మీకు లేదు.

దారి కూడా ఆ చట్టంలోనే, 21వ సెక్షన్‌లో ఉంది. అలాంటి సరుకును అనవసర జాప్యం లేకుండా పోలీసుస్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. చేసినవారికి నిర్ణీత గడువులోగా దాన్ని అర్హులైనవారికి అమ్మించి సొమ్ము తీసుకునే హక్కు ఉంటుంది, గడువు దాటితే అది ప్రభుత్వపరం అవుతుంది. అంటే మీకు న్యాయంగా రాగల డబ్బంతా ఆ డిపాజిట్ రసీదు మీదే ఆధారపడి ఉంది. తూటాలను బ్యాగులో వేసుకుని మీరే బయలుదేరవద్దు. ముందు న్యాయవాదితో మాట్లాడి, స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, వారు చెప్పినట్టు చేయండి.

ఇక ధర విషయం. పాత తూటాలను కొనేవారు రెండు రకాలు: పాత రైఫిల్‌తో కాల్చేవారు, చరిత్ర కోసం దాచుకునేవారు. కైనాక్ పెద్ద బోరు (తుపాకీ గొట్టం లోపలి వెడల్పు) తూటాల తయారీ ఆపేసిన రోజుల్లో మొదటి రకంవారు ఎంతైనా ఇచ్చేవారు. తరువాత అవే బోర్లలో కొత్త సరుకు రావడంతో ఆ గిరాకీ పడిపోయింది. మిగిలిన సేకర్తలు వయసును కాదు, అరుదుదనాన్ని చూస్తారు. రెండు ప్రపంచయుద్ధాలకూ లెక్కలేనన్ని తయారైన .303 (అంగుళాల్లో బోరు కొలత) తూటా ఎంత పాతదైనా సాధారణంగా చవకే. అదే .450 సంగతి వేరు. సైన్యపు మార్టిని-హెన్రీ రైఫిల్ బోరూ అదే కావడంతో, తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 20వ శతాబ్దం తొలినాళ్లలో ఆ తూటాలను భారత్‌లో నిషేధించింది. అందుకే హాలండ్ అండ్ హాలండ్ వంటి బ్రిటిష్ తుపాకీ తయారీదారులు 1907 ప్రాంతంలో .465 వంటి కొత్త బోర్లకు మళ్లారు. ఇలాంటి కథను సేకర్త తూటా అడుగున ఇత్తడిపై గుండ్రంగా కొట్టిన అక్షరాల్లో, డబ్బా లేబుల్‌లో చదువుతాడు. లేబుల్ చెదరకుండా, డబ్బా తెరవకుండా ఉంటే విలువ పెరుగుతుంది, ఇత్తడిని మెరుగుపెడితే పోతుంది. పైగా పాత తూటాను రుద్దడం, విప్పడం ప్రాణానికే ముప్పు.

అయితే పౌండ్లలో కనిపించే ఆ ధర మీది కాదు. తూటాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి; చారిత్రక ప్రాధాన్యం ఉండి నూరేళ్లు నిండిన వస్తువైతే 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇక్కడ లైసెన్సుదారు సైతం తన తుపాకీ బోరు తూటాలనే, లైసెన్సులో రాసిన పరిమితి మేరకే కొనాలి. కొనుగోలుదారులు ఇంత తక్కువైనప్పుడు వచ్చేది నామమాత్రపు సొమ్మేనని నా అంచనా.

కనుక రెండు లక్షలు ఇందులో పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ ఎవరైనా అరుదైన తూటా అని చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోకండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి లేకపోతే ఈ సొమ్ము ముందుగా అక్కడికే వెళ్లాలి. ఆసక్తి చల్లారకపోతే, సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గ్యాలరీ చూడండి. సరదా కోసం విడిగా పెట్టుకున్న డబ్బుతో తుపాకీ కంపెనీల పాత కేటలాగులు, వేటనాటి ఫొటోలు కొనుక్కోండి.

డిపాజిట్ చేసేటప్పుడు అట్ట డబ్బాలను విడదీయకుండా తూటాలతో పాటే ఇచ్చి, వాటి సంఖ్య, బోరు, లేబుల్ వివరాలు రసీదులో రాయించుకోండి. అమ్మకం కుదిరితే ధర తేల్చేది ఆ జతే.