బ్యూటిరిక్ యాసిడ్ 20 మిల్లీమోలార్‌లో ఎంసీఎఫ్-7 కణాలు రాత్రికి రాత్రే చనిపోవడం: సమాధానం

ఎంసీఎఫ్-7 (రొమ్ము క్యాన్సర్) కణాలకు 20 మిల్లీమోలార్ బ్యూటిరిక్ యాసిడ్ వేస్తే రాత్రికి రాత్రే ఎందుకు చచ్చాయని అడిగారు. ఆర్‌పీఎంఐ మీడియం (కణాలను పెంచే ద్రవం) పసుపు రంగుకు తిరిగిందని మీరే రాశారు కదా, అంటే ఆమ్లత పెరిగింది, అసలు కారణం అదే. ఆ మీడియంలో ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బొనేట్ దాదాపు 24 మిల్లీమోలార్. మీరు వేసిన 20 మిల్లీమోలార్ యాసిడ్ అందులో అధిక భాగాన్ని మింగేసింది. కణాలను చంపింది బ్యూటిరేట్ అని చెప్పలేం, పీహెచ్ పడిపోవడం చాలు.

యాసిడ్ పక్కన పెట్టి దాని లవణం, సోడియం బ్యూటిరేట్ వాడండి. 1.1 గ్రాములు నీళ్లలో కరిగించి 10 మి.లీ.కి సరిచేస్తే 1 మోలార్ స్టాక్. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, చిన్న ట్యూబుల్లో -20 డిగ్రీల దగ్గర ఉంచండి. మి.లీ. మీడియానికి 5 మైక్రోలీటర్లు వేస్తే 5 మిల్లీమోలార్. 0.5, 1, 2, 5 చాలు, 20 దాకా వెళ్లే పనే లేదు. కంట్రోల్‌కు అదే మోతాదులో సోడియం క్లోరైడ్ వేయండి, లేకపోతే ఉప్పు ప్రభావం కూడా మీ లెక్కలోకి వచ్చేస్తుంది.

ఎంటీటీ (బతికున్న కణాలు రంగు పుట్టించే పరీక్ష) ఒక్కదాన్నే నమ్మకండి. బ్యూటిరేట్ హిస్టోన్ డీఎసిటైలేజ్‌లను (హిస్టోన్ ప్రోటీన్ల మీది ఎసిటైల్ గుర్తులను తీసేసే ఎంజైమ్‌లను) అడ్డుకుంటుంది, విభజనను ఆపే పీ21 ప్రోటీన్ పెరుగుతుంది, విభజన ఆగుతుంది. రంగు తగ్గినంత మాత్రాన కణాలు చచ్చినట్టు కాదు. పైగా బ్యూటిరేట్ మైటోకాండ్రియాకు ఇంధనం కూడా, రీడింగ్ అటూ ఇటూ అవుతుంది. 24, 48, 72 గంటలకు ట్రైపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్కపెట్టండి. మందు పనిచేసిందా అన్నదానికి ఎసిటైలేటెడ్ హెచ్3 (ఎసిటైల్ గుర్తున్న హిస్టోన్) ఎంతుందో చూపే బ్లాట్ తీయండి.

థీసిస్‌లో మాత్రం ‘రొమ్ము క్యాన్సర్ నివారిస్తుంది’ అని రాయకండి. పేగులో పుట్టిన బ్యూటిరేట్‌ను పేగు కణాలు, కాలేయం చాలావరకు వాడేసుకుంటాయి, రక్తంలో మిగిలేది మైక్రోమోలార్లలోనే (మైక్రోమోలార్ అంటే మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు).