11 ఏళ్లకు పాప పుట్టింది.. రెండో బిడ్డకు ఎప్పుడు ప్రయత్నించొచ్చు?

ప్రశ్న: నా వయసు 37. పెళ్లయిన 11 ఏళ్లకు, మూడోసారి చేసిన ఐవీఎఫ్‌తో గర్భం నిలిచింది. ఇదే తొలి కాన్పు. బీపీ పెరగడంతో 36వ వారంలో సిజేరియన్ చేశారు. పాపకు ఇప్పుడు 26 రోజులు. మా ఇంట్లో సంతోషం మాటల్లో చెప్పలేను. ఇంకా రెండు పిండాలు ఫ్రీజ్ చేసి ఉన్నాయి. రెండో బిడ్డకు ఎప్పుడు వెళ్లొచ్చు? ఐవీఎఫ్‌తో పుట్టిన పిల్లలు పెద్దయ్యాక ఆరోగ్యంగానే ఉంటారా? కాన్పు అయిపోయింది కదా అని బీపీ మాత్రలు మానేశాను. నాలుగు రోజులుగా తలనొప్పి వస్తుంటే మందుల షాపులో మాత్రలు తెప్పించుకుని వేసుకుంటున్నాను. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు. ఊపిరి ఆడుతోందో లేదో అని లేచి చూస్తుంటాను.
- ఓ పాఠకురాలు

జవాబు: పాప పుట్టినందుకు మీ దంపతులకు అభినందనలు. పదకొండేళ్లు ఎదురుచూసి, రెండుసార్లు విఫలమై, మూడోసారికి బిడ్డను ఎత్తుకున్న తల్లి సంతోషం ఎలా ఉంటుందో ఎన్నోసార్లు దగ్గరుండి చూశాను. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ తర్వాత వస్తాను. మాటవరసకు అన్నట్టు చివర్లో రాసిన ఆ తలనొప్పి నన్ను కంగారు పెట్టింది. ఇది పోస్ట్ అయ్యేదాకా ఆగకూడదని మీకు ముందుగానే మెయిల్ పంపమని డెస్క్ వాళ్లకు చెప్పాను. ఒకవేళ అది చూడకపోతే, ఇది చదవగానే వెళ్లి బీపీ చూపించుకోండి. రేపు కాదు, ఇవాళే.

కాన్పుతో బీపీ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. మొదటి వారంలో, ముఖ్యంగా 3 నుంచి 6 రోజుల మధ్య, అది ఇంకా పెరుగుతుంది. బాలింతల్లో వచ్చే ప్రీఎక్లాంప్సియా (బీపీ బాగా పెరిగి కిడ్నీ, కాలేయం, మెదడు వంటి అవయవాలను దెబ్బతీసే జబ్బు) ఎక్కువగా తొలి రోజుల్లోనే కనిపించినా 6 వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. మీకు ఇంకా నాలుగు వారాలు కూడా నిండలేదు. వయసు 35 దాటడం, తొలి కాన్పు, ఐవీఎఫ్.. ఇవన్నీ ఆ ముప్పును పెంచేవే. పైగా మీకు గర్భంలోనే బీపీ వచ్చింది. కొలిచినప్పుడు 140/90 లేదా అంతకు మించి ఉంటే ఆ రోజే మీ డాక్టర్‌కు చెప్పాలి. 160/110 చేరితే అది ఎమర్జెన్సీ, ఫిట్స్ రావచ్చు, మెదడులో రక్తస్రావం కావచ్చు. చూపు మసకబారినా, కళ్ల ముందు మెరుపుల్లా కనిపించినా, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా బీపీ ఎంతుందో చూసుకుంటూ కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. బీపీ మామూలుగా ఉన్నా తలనొప్పి తగ్గకపోతే కూడా చూపించుకోవాల్సిందే. బాలింతల్లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువ, అరుదుగా మెదడు సిరల్లో గడ్డలు ఏర్పడతాయి. మీది నిద్రలేమి వల్ల వచ్చిన తలనొప్పే కావచ్చు, అలాగే కావాలని నా కోరిక కూడా. కానీ మిమ్మల్ని పరీక్షించకుండా ఆ మాట నేను చెప్పలేను, మీరూ అనుకోకూడదు.

ఏ మాత్ర వేసుకుంటున్నారో రాయలేదు. పారాసిటమాల్ అయితే పాపకు పాల ద్వారా ఇబ్బంది ఉండదు గానీ నొప్పిని అణచిపెట్టి అసలు జబ్బును కనిపించనివ్వదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొందరిలో బీపీని పెంచుతాయి. జలుబుకు, తలనొప్పికి కలిపి ఇచ్చే మాత్రల్లో ఉండే సూడోఎఫిడ్రిన్ బీపీని పెంచడమే కాదు, పాలను కూడా తగ్గిస్తుంది. కోడీన్, ట్రమడాల్ ఉన్నవి పాలిచ్చే తల్లి వేసుకుంటే బిడ్డకు మత్తు పట్టి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. మీ పాప నెలలు నిండకుండా పుట్టిందని గుర్తుంచుకోండి. వాడుతున్న మాత్రల అట్ట వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. బీపీ మాత్రలు పాలలోకి వస్తాయని భయపడి మానేశారేమో తెలియదు. లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి పాలిచ్చే తల్లులకు మేం మామూలుగానే ఇస్తాం. అలాగని పాత చీటీ చూసి మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు.

కొంచెం కోపంగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఐవీఎఫ్ చేయించుకునేటప్పుడు మీలాంటి వాళ్లు రాత్రి తొమ్మిదికి వేసుకోవాల్సిన ఇంజక్షన్ తొమ్మిదీ ఐదుకు వేసుకున్నా కంగారుగా ఫోన్ చేస్తారు. ఒక్క స్కాన్ తప్పదు, ఒక్క రిపోర్టు పోదు. బిడ్డ చేతికి రాగానే అదే మనిషి తన ఒంటిని పూర్తిగా వదిలేస్తుంది. ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగిన విసుగు నాకు అర్థమవుతుంది. ఇంట్లో వాళ్లు కూడా పాప బరువు అడుగుతారే తప్ప తల్లి బీపీ ఎంతని అడగరు. ఇది మీ వారికి కూడా చదివి వినిపించండి.

నిద్ర సంగతీ అంత తేలికైనది కాదు. పాప పడుకున్నప్పుడు కూడా కన్ను మూతపడకపోవడం, పదే పదే ఊపిరి చూడటం కాన్పు తర్వాత వచ్చే ఆందోళన లక్షణాలు కావచ్చు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో దిగులు, ఏడుపు మామూలే. అవి దాటినా మీకిలా ఉందంటే అడగాల్సిందే. చాలాకాలం ఎదురుచూసి తల్లయిన వాళ్లు ఈ మాట బయటకు చెప్పరు. ‘ఇన్నేళ్లు మొక్కుకుని ఇప్పుడు ఈ బాధేంటి’ అని ఎవరైనా అంటారేమోనని భయం. సంతోషం, ఆందోళన ఒకే మనిషిలో ఒకేసారి ఉండొచ్చమ్మా. దీనికి చికిత్స ఉంది, పాలు మాన్పకుండానే ఇవ్వవచ్చు. మీకు గానీ పాపకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. పాప విషయానికొస్తే, ఈ వయసులో పిల్లలు నిద్రలో కొన్ని సెకన్లు ఊపిరి ఆపి మళ్లీ తీస్తుంటారు. 20 సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా ఆస్పత్రికి పరుగెత్తాలి. వెల్లకిలా పడుకోబెట్టండి.

ఇక రెండో బిడ్డ. కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిజేరియన్ కుట్టు గట్టిపడటానికీ ఆ వ్యవధి అవసరం. 37 దాటుతున్నాయని తొందరపడకండి. పిండాలు ఫ్రీజ్ చేసిన రోజు వయసులోనే ఉండిపోతాయి. పెరిగేది మీ వయసు, దానితో పాటు బీపీ ముప్పు. కాబట్టి మరీ ఏళ్లకేళ్లు వాయిదా వేయమనీ అనను. వెళ్లే ముందు బీపీ, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి. ఒక్క పిండాన్నే పెట్టించుకోండి. ఈసారి గర్భంలో బీపీ రాకుండా 12 వారాల తర్వాత తక్కువ డోసు ఆస్పిరిన్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

మీరు అడగలేదు గానీ ఇప్పుడు గర్భనిరోధం కావాలి. ఇన్నేళ్లు రాని గర్భం ఇప్పుడెలా వస్తుందని అనుకోవద్దు, ఐవీఎఫ్‌తో బిడ్డ పుట్టాక సుమారు ఐదుగురిలో ఒకరికి సహజంగానే గర్భం వస్తోంది. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు మీకు పనికిరావు. కండోమ్, కాపర్ టీ వంటి వాటి గురించి మాట్లాడండి.

ఐవీఎఫ్ పిల్లల ఆరోగ్యం గురించి దిగులు వద్దు. ఇప్పటిదాకా ప్రపంచంలో కోటికి పైగా పిల్లలు ఇలా పుట్టారు, వారిలో అత్యధికులు అందరిలాగే పెరుగుతున్నారు. 1978 జులైలో పుట్టిన తొలి ఐవీఎఫ్ బిడ్డ లూయిజ్ బ్రౌన్ సహజంగానే గర్భం దాల్చి తల్లయ్యారు. మీ పాప కాస్త ముందు పుట్టింది కాబట్టి బరువు, టీకాలు పిల్లల డాక్టర్ చెప్పిన తేదీలకు తప్పకుండా చూపిస్తే చాలు.

ఇవాళ ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పాపను ఎవరికి వదిలి వెళ్లాలని ఆగిపోకండి. వెంట తీసుకెళ్లండి. మిమ్మల్ని పరీక్షిస్తున్నంతసేపు ఎత్తుకోవడానికి ఒకరు తోడుంటే సరిపోతుంది.