యూవీ టార్చి వేస్తే అన్నీ ఊదాగానే కనిపిస్తున్నాయంటే తప్పు రాళ్లది కాదు

"రెండు రాత్రులు యూవీ టార్చి పట్టుకుని తిరిగాను, ఏ రాయి మీద వేసినా ఊదా రంగే, వెలిగే రాళ్లు నిజంగా దొరుకుతాయా?" అని అడిగారు. దొరుకుతాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది 395 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవుకి కొలత) టార్చి అయ్యుంటుంది, నేను మొదట కొన్నదీ అదే. దాని కాంతిలో చాలా భాగం మన కంటికి కనిపించే ఊదానే, అది రాయి మీద పడి మళ్లీ మన కంట్లోనే పడుతుంది కాబట్టి రాయిలోంచి వచ్చే సన్నటి వెలుగు అందులో కలిసిపోయి ఇక కనపడదు. దాదాపు నెల రోజులు అలాగే వెతికి, ఇక్కడ ఏమీ లేవని వదిలేశాను.

ఆ తర్వాత 365 నానోమీటర్ల టార్చి తీసుకున్నాను, ముందు భాగంలో నల్లటి గాజు ఫిల్టర్ ఉన్నది. ఈ ఫిల్టర్ చాలా ముఖ్యం, ఎందుకంటే 365 ఎల్ఈడీ కూడా కొంత మామూలు కాంతిని వదులుతుంది, దాన్ని ఆపేది ఆ గాజే. మీ టార్చిని పరీక్షించడానికి చీకటి గదిలో ఒక స్టీలు చెంచా మీద వేసి చూడండి. స్టీలు తనంతట తాను వెలగదు, కాబట్టి చెంచా ఊదాగా మెరిసిపోతుంటే టార్చిలోంచి కనిపించే కాంతి ఎక్కువగా వస్తోందని అర్థం. కొత్త టార్చితో, అంతకుముందు ఎన్నోసార్లు చూసిన అదే రాళ్ల గుట్ట దగ్గరికి వెళ్లాను. పగలు ఎవరూ వంగి చూడని పాలిపోయిన తెల్లరాయి ఒకటి గులాబీ కలిసిన నారింజ రంగులో లోపల నిప్పు ఉన్నట్టు వెలిగింది. అది కాల్సైట్, సున్నపురాయిలో ఉండే ఖనిజం. నెల రోజులు నేను దాని పక్క నుంచే నడిచాను!

ఎందుకు వెలుగుతుందంటే, కంటికి కనపడని అతినీలలోహిత (యూవీ) శక్తిని ఖనిజం పీల్చుకుని, అందులో కొంత పోగొట్టుకుని, మిగిలినది కనిపించే రంగుగా వదులుతుంది. చాలా ఖనిజాల్లో ఈ పని చేసేది అసలు పదార్థం కాదు, అందులో కలిసిన కొద్దిపాటి మలినం. కాల్సైట్‌లో మాంగనీసు, కెంపులో క్రోమియం. ఇనుము ఎక్కువైతే వెలుగు ఆరిపోతుంది, అందుకే ఒకచోటి కాల్సైట్ వెలిగి ఇంకోచోటిది వెలగదు. స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1852లో ఈ గుణానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టింది ఇలా వెలిగే ఫ్లోరైట్ అనే ఖనిజాన్ని బట్టే.

అందుకని ఇనుము ఎక్కువగా ఉండే నల్లటి బసాల్ట్ రాళ్ల మీద టైం పెట్టకండి. సున్నపురాయి, చలువరాయి ఉన్న చోట్లు, వాగుల్లో గులకరాళ్లు పోగైన చోట్లు, అనుమతి దొరికితే క్వారీ పక్కన పారబోసిన గుట్టలు చూడండి. మామూలు పలుగురాయి సాధారణంగా ఏమీ చూపించదు, దాని పగుళ్లలో పట్టిన తెల్లటి పొర మాత్రం ఒక్కోసారి వెలుగుతుంది. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున 2017లో బయటపడ్డ సోడలైట్ అనే ఖనిజం ఉన్న బూడిదరంగు రాళ్లు 365 కిందే నారింజ మచ్చలతో వెలుగుతాయి. అక్కడే న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ అనే ఊరి రాళ్ల ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూర్తిగా రావాలంటే మాత్రం 254 నానోమీటర్ల దీపం కావాలి. అది కంటికీ చర్మానికీ హాని చేస్తుంది, ఇప్పుడే దాని జోలికి వెళ్లకండి. 365కి కూడా యూవీని ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి.

వెన్నెల లేని రాత్రి వెళ్లండి, కళ్లు చీకటికి అలవాటు పడటానికి పది పదిహేను నిమిషాలు ఆగండి. తెల్ల చొక్కా వద్దు, బట్టల సబ్బులో కలిపే తెల్లదనం మందు యూవీకి నీలంగా వెలిగి మీ కళ్లనే ఇబ్బంది పెడుతుంది. నేల మీద కనిపించే నీలి తెలుపు చుక్కల్లో చాలావరకు కాగితం, ప్లాస్టిక్, దారం ముక్కలే. తేలు కూడా నీలి ఆకుపచ్చగా చక్కగా వెలుగుతుంది, కాబట్టి వెలిగిన ప్రతిదాని మీదా చెయ్యి వేయొద్దు, ముందు మామూలు టార్చి వేసి అదేంటో చూడండి. ఆ చోటుని పగలు ఒకసారి నడిచి చూసుకోండి, రాత్రి ఒంటరిగా వెళ్లకండి.

వెలిగిన రాయిని అక్కడికక్కడే సంచిలో వేయండి. రేపు వచ్చి తీసుకుందామని నేను నాలుగైదు వదిలేసి వెళ్లాను, పగటి వెలుగులో ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. రాయి మీద పసుపు పచ్చటి పొర ఉండి అది కళ్లు చెదిరేంత ఆకుపచ్చగా వెలిగితే యురేనియం ఖనిజం కావచ్చు, దాన్ని అక్కడే వదిలేసి చేతులు శుభ్రంగా కడుక్కోండి.