మూడో రన్నింగ్ బ్యాక్‌ని వెతుకుతున్న మా అమ్మాయికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, టీమ్‌లో రెండో రన్నర్‌కి చీలమండ దెబ్బతిందట. బయట ఖాళీగా ఉన్న పాత ఆటగాళ్లలో ఒకణ్ని చూసి రిపోర్టు రాయమని దీనికి చెప్పారట" అన్నాడు. నువ్వు అనలిస్టుగా పనిచేసేది అమెరికన్ ఫుట్‌బాల్‌లోననీ, రన్నర్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ అనీ వాడికి ఎక్కదు; ఫుట్‌బాల్ అంటే ఇప్పటికీ గోల్‌కీపర్ ఉండే ఆటే. అయినా గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. నాకూ ఛాతీ ఉప్పొంగింది. ఆ తర్వాత మొదలైంది టెన్షన్.

ముందు చీవాట్లు. ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరి కోసం చూస్తున్నారో ఇంట్లో చెప్పకూడదమ్మా. మీ తమ్ముడు ఫాంటసీ లీగ్ ఆడతాడు, వాడి స్నేహితుల్లో పందేలు కాసేవాళ్లూ ఉన్నారు. టీమ్ లోపలి మాట బయటికి పొక్కితే లీగ్ వాళ్లు ఊరుకోరు, నీ ఉద్యోగానికే ముప్పు. ఇకమీదట నేను అడిగినా చెప్పకు.

డబ్బు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నాలుగు సీజన్లు ఆడినవాడికి కనీస జీతం మీద ఏడాది ఒప్పందం ఇస్తే శాలరీ క్యాప్‌లో, అంటే టీమ్ జీతాల గరిష్ఠ పరిమితిలో, రెండేళ్ల అనుభవం ఉన్నవాడి లెక్కే పడుతుంది. మొదటి వారం దాటిపోయింది కాబట్టి సీజన్ జీతమంతా గ్యారంటీ అయ్యే బెడద లేదు. ముందు ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే సాధన చేస్తూ పిలుపు కోసం ఎదురుచూసే అదనపు ఆటగాళ్లలో, పెట్టుకుంటే మూడు మ్యాచ్‌ల దాకా అసలు జట్టులోకి తెచ్చుకోవచ్చు. ఈ విషయంలో నేను చెప్పేది ఇంతే.

నా భయం పేర్ల గురించి. నువ్వు పేర్లకి పడిపోయే పిల్లవి. 2014లో డల్లాస్ రన్నర్ డిమార్కో ముర్రే 29వ నంబర్ జెర్సీ వేసుకుని తిరిగేదానివి, మీ పెద్దమ్మని ఉతకనిచ్చేదానివి కాదు. ఆ ఏడాది 392 సార్లు బంతి పట్టుకుని 1,845 యార్డులు పరిగెత్తాడు, ఎమిట్ స్మిత్ పేరిట ఉన్న డల్లాస్ టీమ్ ఒక సీజన్ రికార్డు బద్దలుకొట్టాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకి వెళ్లాడని అన్నం మానేశావు. అక్కడ 702 యార్డులు. అన్నేసి సార్లు పరిగెత్తిన ఒళ్లు బాకీ వసూలు చేసుకుంటుందని అప్పుడే చెప్పాను, విన్నావా?

2021లో టెనెసీ ఏం చేసిందో చూడు. అక్టోబర్ చివర వాళ్ల ముఖ్య రన్నర్ డెరిక్ హెన్రీ పాదం విరిగితే వెంటనే ఇద్దర్ని తెచ్చుకున్నారు. ఒకడు ఏడ్రియన్ పీటర్సన్, అప్పటికి 36 ఏళ్లు. ఇంకొకడు డొంటా ఫోర్‌మన్. అతనికి 2017లో హ్యూస్టన్‌కి ఆడుతూ టచ్‌డౌన్ కొట్టిన (బంతిని అవతలివాళ్ల గోల్ లైన్ దాటించిన) పరుగులోనే అకిలీస్, అంటే మడమ వెనకుండే స్నాయువు, తెగింది, తర్వాత ఎక్కడా కుదురుకోలేదు. టీవీలో అందరూ పీటర్సన్ జపమే. మూడు మ్యాచ్‌ల్లో 27 సార్లు బంతి ఇస్తే 82 యార్డులు వచ్చాయి, సాగనంపేశారు. ఫోర్‌మన్ చడీచప్పుడు లేకుండా 566 యార్డులు తీశాడు, ఆ ఏడాది లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటైన ఏఎఫ్‌సీలో మొదటి స్థానం టెనెసీదే. అలాగని వయసు చూసి ఎవర్నీ కొట్టిపారేయకు. ఇదే పీటర్సన్ 33 ఏళ్లప్పుడు, 2018 ఆగస్టులో వాషింగ్టన్ పిలిస్తే వెళ్లి 1,042 యార్డులు పరిగెత్తాడు.

ఇంకొక సంగతి. మూడోవాడికి బంతి దక్కేది తక్కువ. అతని అసలు పని మీదికి దూసుకొచ్చే లైన్‌బ్యాకర్‌ని, అంటే అవతలి డిఫెండర్‌ని, అడ్డుకుని బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడటం, కిక్‌ఆఫ్ కవరేజీలో, అంటే మనవాళ్లు తన్నిన బంతి పట్టుకున్నవాణ్ని ఆపడానికి, పరిగెత్తడం. ఒకప్పుడు స్టార్‌గా వెలిగినవాడు కిక్‌ఆఫ్ పని చేసి ఎన్నేళ్లయిందో కనుక్కో. ఎప్పుడూ చేయలేదంటే, చేస్తావా అని మొహం మీదే అడగమను. జవాబు కంటే ముందు మొహంలో వచ్చే మార్పు చూడు.

ఇప్పుడు సియాటిల్ కథ. ఇది మీ ఆఫీసులో అందరికీ తెలిసే ఉంటుంది, కానీ అందులోంచి తప్పు పాఠం నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

2019 డిసెంబర్ 22న అరిజోనాతో మ్యాచ్‌లో సియాటిల్ రన్నర్లు క్రిస్ కార్సన్‌కి తుంటి, సీజే ప్రోసైస్‌కి చెయ్యి, ఇద్దరికీ ఒక్క రోజే పోయాయి. ఇంకో రన్నర్ రషాద్ పెన్నీ అంతకు రెండు వారాల ముందే మోకాలు పోయి ఇంట్లో ఉన్నాడు. మర్నాడు తమ పాత స్టార్ మార్షాన్ లించ్‌ని పిలిచారు. అతను ఆఖరుసారి ఆడింది 2018 అక్టోబర్‌లో, లండన్‌లో, రైడర్స్ జెర్సీలో, అదీ ఇదే సియాటిల్ మీద. ఏడాదికి పైగా ఆట లేని మనిషి వారం తిరక్కుండా శాన్‌ఫ్రాన్సిస్కో మీద మైదానంలోకి దిగాడు. గెలిచినవాళ్లకి డివిజన్ టైటిల్, అంటే తమ నాలుగు టీమ్‌ల గుంపులో మొదటి స్థానం. నాలుగో క్వార్టర్‌లో లించ్ ఒక యార్డు దూరం నుంచి దూకి టచ్‌డౌన్ కొట్టాడు, స్టేడియం ఊగిపోయింది. నేనూ మీ పెద్దమ్మా సోఫాలోంచి లేచి నిలబడ్డాం, డల్లాస్ మనుషులమై ఉండి కూడా.

ఆఖరి నిమిషం. స్కోరు 26-21, సియాటిల్ వెనకబడి ఉంది. ఫోర్త్ డౌన్‌లో, అంటే నాలుగో, ఆఖరి ప్రయత్నంలో, పది యార్డులు కావాలి. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ విసిరిన బంతిని జాన్ ఉర్సువా అనే కొత్త కుర్రాడు గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలో పట్టుకున్నాడు. బంతిని నేలకేసి కొట్టి (స్పైక్) గడియారం ఆపారు. ఇంకా ఇరవై సెకన్ల పైనే ఉంది. ఒక్క యార్డు, లించ్. 2015 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ ఫైనల్లో సరిగ్గా ఇలాంటి చోటే లించ్‌కి ఇవ్వకుండా పాస్ విసిరి, అవతలి టీమ్ మాల్కమ్ బట్లర్ చేతిలో పెట్టి ఓడారు. ఆ మచ్చ చెరుపుకునే అవకాశం మళ్లీ వాళ్ల ముందుకే వచ్చింది.

ఏం చేశారు? లించ్‌ని లోపలికి పంపాలన్న మాట సైడ్‌లైన్‌లో ఆలస్యంగా కదిలింది. ఎవరు రావాలి, ఎవరు వెళ్లాలి అని తేలేలోపు ఆట మొదలుపెట్టాల్సిన గడువు, ప్లే క్లాక్, అయిపోయింది. డిలే ఆఫ్ గేమ్ పెనాల్టీ. ఐదు యార్డులు వెనక్కి. ఆ దూరం నుంచి ఇక పాస్‌లే. ఆఖరి బంతి పట్టుకున్న జేకబ్ హాలిస్టర్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు డ్రే గ్రీన్‌లా గీతకి అంగుళాల ముందు ఆపేశాడు. డివిజన్ పోయింది, సొంత మైదానంలో ప్లేఆఫ్ మ్యాచ్ పోయింది.

ముసలాణ్ని తెచ్చుకుంటే ఇంతే అన్నారు చాలామంది. శుద్ధ తప్పు. లించ్ ఆ తర్వాత రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. యార్డులు తక్కువే, కానీ తెచ్చుకున్న పని చేశాడు. తడబడింది అతన్ని పిలవాల్సినవాళ్లు. మనిషిని కొన్నారు, అతన్ని ఏ క్షణంలో ఎవరు ఎలా లోపలికి పంపుతారో వారంలో కుదుర్చుకోలేకపోయారు. కాబట్టి నీ రిపోర్టులో ఒక పేజీ దీనికే కేటాయించు. గోల్ లైన్ దగ్గర ఇతను దిగితే ఎవరు బయటికి రావాలి, అతన్ని పిలిచే బాధ్యత ఏ కోచ్‌ది, మొదటి వారంలో అతనికి నేర్పగలిగే ప్లేలు (ఆట ఎత్తుగడలు) ఏవి. ఇది అనలిస్టు రాసేది కాదు అని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇక డల్లాస్ పక్క ఇర్వింగ్‌లో ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసిన మనిషిగా నాకున్న భయం చెప్పకుండా ఉండలేను. ఇంట్లో కూర్చుని సీజన్ మధ్యలో వచ్చినవాళ్ల పిక్కలు మోసం చేస్తాయి. ట్రైఅవుట్‌లో, అంటే ఎంపిక పరీక్షలో, నలభై యార్డులు బాగానే పరిగెత్తుతారు, మూడో రోజు ప్రాక్టీస్‌లో పట్టేస్తుంది. మీ ట్రైనర్లు అతన్ని ఒంటికాలి మీద నిలబెట్టి మడమ పైకెత్తించేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూడు. ఎన్నిసార్లు ఎత్తాడన్నది వాళ్లు రాసుకుంటారు. నువ్వు మడమ ఎత్తు చూడు. పదిహేను దాటాక ఒక కాలి మడమ కొంచెం కొంచెంగా కిందికి దిగుతూ, మోకాలు వంచి దొంగాట మొదలవుతుంది. రెండు కాళ్లకీ తేడా కనిపిస్తే, అతను హైలైట్స్‌లో ఎంత గొప్పగా ఉన్నా, ఇంకో పేరు చూసుకో. నా టేబుల్ మీద పడుకుని "నిన్నటిదాకా బాగానే ఉంది సార్" అని ఏడ్చినవాళ్లని చూశాను తల్లీ. వాళ్లలో హైస్కూల్ పిల్లలూ ఉన్నారు, ముప్పై దాటిన మొగాళ్లూ ఉన్నారు.

ఆఖరుగా, ఒకణ్ని తెస్తే ఒకణ్ని పంపాలి. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉండేది పదహారు మందే. ఆ పోయేవాడు నీ వయసు కుర్రాడే అయ్యుంటాడు, డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోనివాడు, వారానికింత అని అద్దె గదిలో ఉండేవాడు. అతనికి ఆ మాట చెప్పడం నీ పని కాదని తెలుసు. కానీ ఫోన్‌లో వార్త చూసుకుని తెలుసుకోకుండా, ముందుగా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పమని మీ బాస్‌ని ఒక్క మాట అడుగు. నువ్వు అడగగలవు.

ట్రైఅవుట్లు మంగళవారం కదా. సోమవారం రాత్రి వీడియోలు చూస్తూ తెల్లవార్లూ కూర్చోకు. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి, కందిపొడి పార్సిల్ చేసింది, ఆఫీసు అడ్రసుకి కాకుండా ఇంటికే పంపుతున్నాం. వేడన్నంలో ఇంత నెయ్యి వేసుకుని తిని వెళ్లు.

ప్రేమతో,
పెదనాన్న