కమిట్ అయింది, లెక్క మాత్రం తప్పింది

ప్రశ్న: మా అమ్మకాల సైట్‌లో నిల్వ చూడటం, ఆర్డర్ రాయడం, నిల్వ తగ్గించడం అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉన్నాయి. అయినా చివరగా మిగిలిన ఒక్క వస్తువు ఇద్దరికి అమ్ముడుపోయింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ట్రాన్సాక్షన్ పనిచేయలేదా?

జవాబు: పనిచేసింది. అయితే ‘జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ వద్దు’ అన్న హామీ ఒకటి, పక్కనే నడుస్తున్న వేరే ట్రాన్సాక్షన్ నుంచి కాపాడటం మరొకటి. ఈ రెండోది ఐసొలేషన్ స్థాయిని బట్టి ఉంటుంది. మీరేమీ మార్చకపోతే పోస్ట్‌గ్రెస్‌లో ఉండేది రీడ్ కమిటెడ్, అంటే పక్కవారు ఖాయం చేసిన (కమిట్ చేసిన) మార్పులే కనబడే స్థాయి.

అక్కడ జరిగింది ఇదీ. ఇద్దరూ సెలెక్ట్ చేశారు, ఇద్దరికీ నిల్వ 1 అని కనిపించింది. మీ కోడ్ 1లోంచి 1 తీసేసి, ‘నిల్వ = 0’ అని రాయమంది. మొదటివారు రాసి కమిట్ చేశారు. రెండోవారు ఆ రో (టేబుల్‌లోని వరుస) మీది లాక్ కోసం కాసేపు ఆగి, అదే 0ని మళ్లీ రాశారు. ఆర్డర్లు రెండు, నిల్వ 0. మైనస్‌లోకి పోలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈ తప్పు ఇన్నాళ్లు దాక్కునేది అందుకే.

తీసివేతను కోడ్‌లోంచి డేటాబేస్‌లోకి మార్చండి. అప్‌డేట్‌లో ‘నిల్వ = నిల్వ - 1’ అని రాసి, వేర్ షరతులో ఐడీతో పాటు ‘నిల్వ >= 1’ కూడా చేర్చండి. రెండోవారి అప్‌డేట్ లాక్ కోసం ఆగి, అది దొరికాక కొత్త విలువ మీద షరతును మళ్లీ చూస్తుంది. సరిపోకపోతే 0 రోలు మారాయని చెబుతుంది. అది ఎర్రర్ కాదు, ఎక్సెప్షన్ రాదు. మారిన రోల సంఖ్య మీరే చూసి, 0 అయితే రోల్‌బ్యాక్ చేయాలి, అంటే ఆ ట్రాన్సాక్షన్ మార్పులన్నీ రద్దు చేయాలి. చాలామంది మరిచేది ఈ ఒక్క అడుగే. వెనక రక్షణగా ఆ కాలమ్ మీద ‘నిల్వ >= 0’ అని చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేసే అమలు చేసే షరతు) కూడా పెట్టండి.

నాలుగైదు రోలు చదివి కోడ్‌లో ఆలోచించి నిర్ణయించాల్సి వస్తే, ఆ చదవడాన్నే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌గా (చదువుతూనే రోలను లాక్ చేసే క్వెరీ) మార్చండి. లాక్ రాకముందు చదివి పెట్టుకున్న ఆబ్జెక్ట్‌ను వాడకండి, అది పాత విలువ. ఓఆర్‌ఎం (రోలను కోడ్‌లో ఆబ్జెక్ట్‌లుగా చూపే లైబ్రరీ) వాడేవాళ్లు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు.

ఐసొలేషన్‌ను రిపీటబుల్ రీడ్‌కు (ఒకసారి చదివింది ట్రాన్సాక్షన్ అంతా అలాగే కనబడే స్థాయి) పెంచితే పోస్ట్‌గ్రెస్ రెండోవారికి 40001 ఎర్రర్ ఇస్తుంది, మీరు మొదటి నుంచి మళ్లీ నడపాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని ఇన్నోడీబీ ఇంజిన్‌లో అదే పేరున్న స్థాయి ముందు నుంచే ఉంటుంది, కానీ ఈ సందర్భంలో అది నోరెత్తదు, రెండో 0ని రాసేస్తుంది. పేరు ఒకటే కదా అని నమ్మవద్దు.

ప్రశ్న: పేమెంట్ గేట్‌వేను ట్రాన్సాక్షన్ లోపలే పిలవచ్చా? డబ్బు రాకపోతే రోల్‌బ్యాక్ అవుతుంది కదా.

జవాబు: వద్దు. గేట్‌వే జవాబు 5 సెకన్లు ఆలస్యమైతే ఆ 5 సెకన్లూ లాక్‌లు, ఒక కనెక్షన్ మీ చేతిలోనే ఉంటాయి. పూల్‌లో (అందరూ పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపు) 10 కనెక్షన్లుంటే పది చెల్లింపులు చాలు, పదకొండో మనిషి ఊరికే ఒక పేజీ చూడబోయినా సైట్ కదలదు. దానికన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. గేట్‌వే డబ్బు తీసుకున్నాక మీ కమిట్ విఫలమైతే, రోల్‌బ్యాక్ మీ టేబుళ్లను వెనక్కి తిప్పుతుందే గానీ తీసుకున్న డబ్బును తిప్పదు.

పనిని మూడుగా విడదీయండి. మొదటి ట్రాన్సాక్షన్‌లో ఆర్డర్‌ను ‘చెల్లింపు రావాలి’ అన్న స్థితితో, ఒక యూనిక్ కీతో రాసి కమిట్ చేయండి. తర్వాత, ఏ ట్రాన్సాక్షనూ తెరిచి లేనప్పుడు, అదే కీతో గేట్‌వేను పిలవండి. కీని గుర్తుపట్టే గేట్‌వే అయితే రెండుసార్లు పిలిచినా డబ్బు ఒక్కసారే పోతుంది. జవాబు వచ్చాక రెండో ట్రాన్సాక్షన్‌లో స్థితి మార్చండి, అదీ ‘ఇంకా చెల్లింపు రావాల్సిన స్థితిలోనే ఉంటే’ అన్న షరతుతో. మధ్యలో సర్వర్ పడిపోతే? 10 నిమిషాలు దాటినా అదే స్థితిలో ఉన్న ఆర్డర్లను ఏరి, గేట్‌వేను అడిగి సరిచేసే జాబ్ ఒకటి నడుస్తుండాలి. అది లేకుండా ఈ మూడడుగులూ సగం పనే.

ఈమెయిల్‌కూ, క్యూలో వేసే జాబ్‌కూ ఇదే మాట. కమిట్ కాకముందే క్యూలో వేస్తే వర్కర్ (క్యూలోని పనులు చేసే ప్రాసెస్) మీకన్నా ముందే పరుగెత్తి, ఆర్డర్ ఐడీ దొరకలేదంటుంది. జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో, కమిట్ అయ్యాకే నడిచే ఆన్ కమిట్ హుక్ దీనికే ఉంది. కమిట్‌కూ హుక్‌కూ నడుమ ప్రాసెస్ చనిపోతే మెయిల్ పోయినట్టే. అంతటి నష్టం కూడదనుకుంటే, పంపాల్సిన సందేశాన్ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసి, వేరే వర్కర్‌తో పంపించండి. అప్పుడు సందేశం పోదు, కానీ ఎప్పుడైనా రెండుసార్లు వెళ్లొచ్చు.

ప్రశ్న: నోడ్‌లో బిగిన్, ఇన్సర్ట్, రోల్‌బ్యాక్ మూడూ రాశాను. రోల్‌బ్యాక్ ఎర్రర్ లేకుండా నడిచింది, రో మాత్రం టేబుల్‌లో ఉండిపోయింది.

జవాబు: మూడింటినీ పూల్ మీదే నడిపి ఉంటారు. పూల్ ఒక్కో క్వెరీకి ఖాళీగా ఉన్న ఏదో ఒక కనెక్షన్ ఇస్తుంది. బిగిన్ ఒకదాని మీద, ఇన్సర్ట్ ఇంకోదాని మీద పడితే ఆ ఇన్సర్ట్ అప్పటికప్పుడే కమిట్ అవుతుంది. మీరొక్కరే పరీక్షిస్తున్నప్పుడు అన్నీ ఒకే కనెక్షన్ మీద పడతాయి కాబట్టి తప్పు బయటపడదు. పూల్ నుంచి ఒక క్లయింట్‌ను తీసుకుని అన్నీ దాని మీదే నడపండి, ఫైనల్లీ బ్లాక్‌లో విడుదల చేయండి. తెరిచిన ట్రాన్సాక్షన్‌తోనే కనెక్షన్ పూల్‌కు తిరిగి వెళ్తే తర్వాత వచ్చినవారి క్వెరీలు అందులో కలిసిపోతాయి.

మైఎస్‌క్యూఎల్ అయితే టేబుల్ ఇంజిన్ కూడా చూడండి. 5.5 వెర్షన్‌కు ముందు, చెప్పకపోతే వచ్చేది మైఐసామ్. దానికి రోల్‌బ్యాక్ అంటే తెలియదు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ లాగ్‌లో 1213 డెడ్‌లాక్ అప్పుడప్పుడు వస్తోంది. ప్రమాదమా?

జవాబు: అప్పుడప్పుడైతే కాదు. ఇద్దరు ఒకరి లాక్ కోసం మరొకరు ఎదురుచూస్తూ ఇరుక్కుంటే, డేటాబేస్ ఒకరిని రోల్‌బ్యాక్ చేసి చిక్కు విప్పింది. ఆ ఒకరు మీరైతే, ఆఖరి క్వెరీని కాదు, ట్రాన్సాక్షన్ మొత్తాన్ని చదవడంతో సహా మళ్లీ నడపండి. మూడు ప్రయత్నాలు, నడుమ కొన్ని మిల్లీసెకన్ల యాదృచ్ఛిక విరామం చాలు. ఒకే రకం రోలను చాలా కోడ్‌లు తాకుతుంటే, అందరూ ఐడీల వరుస క్రమంలోనే లాక్ చేసేలా చూడండి, చాలా డెడ్‌లాక్‌లు అక్కడే ఆగిపోతాయి.

1205తో మాత్రం జాగ్రత్త. అది లాక్ కోసం ఎదురుచూసి విసిగిన ఎర్రర్, మామూలుగా 50 సెకన్లకు వస్తుంది. అప్పుడు చివరి క్వెరీ మాత్రమే వెనక్కి పోతుంది, ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచే ఉంటుంది. ఆ ఎర్రర్ పట్టుకుని కమిట్ చేస్తే సగం పని కమిట్ అవుతుంది. రోల్‌బ్యాక్ మీరే చెప్పాలి.

ప్రశ్న: రోల్‌బ్యాక్ అయినప్పుడల్లా ఆర్డర్ ఐడీల్లో ఖాళీలు వస్తున్నాయి. ఆపడం ఎలా?

జవాబు: ఆపకండి. ఐడీ కౌంటర్ రోల్‌బ్యాక్‌కు వెనక్కి రాదు, కావాలనే అలా చేశారు. లేదంటే ప్రతి ఇన్సర్టూ ముందువాడి కమిట్ కోసం క్యూ కట్టాలి. ఇన్వాయిస్‌లాగా ఖాళీలు కుదరని నంబర్లకు వేరే కౌంటర్ రో పెట్టి, ట్రాన్సాక్షన్ చివర్లో పెంచండి. అక్కడ క్యూ తప్పదు, చివర్లో పెడితే ఆ క్యూ చిన్నదవుతుంది.