పిల్లలు, పెద్దవాళ్లతో డిసెంబరులో లంబసింగిలో టెంటులో ఉండొచ్చా?

మీరు అడిగింది ఇదీ: వైజాగ్‌లో ఉంటారు. ఇంట్లో ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అరవై దాటిన అత్తమామలు. డిసెంబరులో ఒక శని, ఆదివారాలు లంబసింగిలో టెంటు వేసుకుని ఉండాలని ఉంది. కానీ చలికి పిల్లలకు ఏమవుతుందోనని టెన్షన్.

ఉండొచ్చండి. మేం మా ఇద్దరు పిల్లల్నీ, మా అమ్మనీ తీసుకుని చలికాలంలో అక్కడికి వెళుతూనే ఉంటాం. రాత్రి అందరికీ కంటినిండా నిద్ర పట్టిందా, ఇక ఆ ట్రిప్‌కి తిరుగుండదు. పట్టలేదా, పొద్దున ఎంత అందమైన మేఘాలు కనిపించినా పిల్లలు ఏడుస్తూనే ఉంటారు, పెద్దవాళ్లు ఇంటికెప్పుడు వెళదామా అని చూస్తుంటారు. అందుకే ఏమేం చూడాలి అన్నదానికంటే ఆ రాత్రి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు చలి సంగతి. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. వైజాగ్‌లో 18, 20 డిగ్రీలు ఉన్న రాత్రి అక్కడ 10 కంటే కిందికి పడిపోవడం డిసెంబరు, జనవరిల్లో మామూలే. సముద్రం గాలికి అలవాటుపడ్డ మన ఒంటికి అది చాలా పెద్ద తేడా. అలాగని రగ్గుల మీద రగ్గులు కప్పితే సరిపోదు. చలి ఎక్కువగా లాగేది నేల నుంచి. పైన కప్పుకునేదాని కంటే కింద పరుచుకునేది ముఖ్యం. అద్దె టెంట్లలో ఇచ్చే పరుపు చాలాచోట్ల పల్చగా ఉంటుంది, మీద పడుకుంటే బరువుకు నొక్కుకుపోతుంది. మేం కింద టార్పాలిన్, దాని మీద చాప, ఆపైన ఇంట్లో కుట్టిన పాత చీరల బొంతలు రెండు పొరలు వేసి, అప్పుడు వాళ్లిచ్చిన పరుపు పరుస్తాం. కార్లో చోటు ఆక్రమించినా సరే, బొంతలు మాత్రం వదలకండి.

రెండోది తడి. అక్కడ మంచు బాగా కురుస్తుంది, టెంటు బయట తడుస్తుంది. లోపల కూడా తడుస్తుందని చాలామందికి తెలియదు. నలుగురు పడుకుని ఊపిరి వదులుతుంటే ఆ ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీటి చుక్కలవుతుంది. తెల్లవారుజామున మా పాప పడుకునే వేలెత్తి టెంటు కప్పును గీసింది. వేలు వెళ్లిన దారి వెంబడి చుక్కలన్నీ ఒకదానికొకటి కలిసి ధారకట్టి నేరుగా దాని మెడ మీదే పడ్డాయి. ఒక్క అరుపు అరిచి లేచింది. చలి అని జిప్పులన్నీ బిగించేస్తే ఈ తడి ఇంకా పెరుగుతుంది. పైభాగంలో నాలుగు వేళ్లంత సందు వదలండి, దోమతెర ఉన్న వైపు అయితే మరీ మంచిది. రగ్గులు, బట్టల సంచులు టెంటు గోడలకు తగలకుండా మధ్యకు జరపండి. పిల్లల్ని మధ్యలో పడుకోబెట్టి పెద్దవాళ్లు అటూ ఇటూ పడుకుంటే అందరికీ వెచ్చదనం.

పడుకునే ముందు పిల్లల బట్టలు పూర్తిగా మార్చేయండి. పగలంతా పరిగెత్తి చెమట పట్టిన బనియన్ రాత్రికి చల్లబడి ఒంటికి అంటుకుంటుంది, స్వెట్టర్ దాని మీద వేసినా ఉపయోగం ఉండదు. పొడి బనియన్, పొడి సాక్సులు, మంకీ క్యాప్. కడుపు కూడా నిండుగా ఉండాలి. రాత్రి ఏడున్నరకే వేడి వేడి అన్నం, పప్పుచారు పెట్టేసి, పడుకునేటప్పుడు ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి పాలో, రాగిజావో ఇస్తే తెల్లారేదాకా కదలరు. స్టీలు బాటిల్లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, టవల్లో చుట్టి మీ అత్తమామల కాళ్ల దగ్గర పెట్టండి.

ఒక్క విషయంలో మాత్రం ఎవరు చెప్పినా వినకండి. టెంటులోకి నిప్పుల కుంపటి తేవద్దు, గ్యాస్ స్టవ్ లోపల వెలిగించవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మంటలు ఆరి బూడిద కప్పిన నిప్పులైనా అంతే ప్రమాదం. చలికి వణుకుతున్న పెద్దవాళ్లు ప్రేమగానే అడుగుతారు, "కాసేపు లోపల పెట్టమ్మా, పిల్లలకి వెచ్చగా ఉంటుంది" అని. మా అమ్మా అడిగింది. నచ్చజెప్పి బయటే ఉంచాం, నిద్ర వచ్చేదాకా అందరం చలిమంట చుట్టూ కూర్చున్నాం. చలిమంటకు కట్టెలు ఊళ్లోవాళ్ల దగ్గర కొనుక్కోండి, చెట్ల కొమ్మలు విరవకండి. పడుకునే ముందు నీళ్లు పోసి పూర్తిగా ఆర్పండి.

చోటు ఎంచుకోవడం గురించి. కొండల్లో రాత్రి చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారి అక్కడ పేరుకుంటుంది. చెరువు గట్టు, లోయ అంచున ఉన్న గుంట చూడ్డానికి బాగుంటాయి, పడుకోవడానికి బాగుండవు. కాస్త మెరక మీద, చుట్టూ చెట్లున్న చోటు అడగండి. ఎండిన కొమ్మలు వేలాడే చెట్టు కింద మాత్రం వద్దు. అంతకంటే ముందు ఫోన్‌లోనే అడగాల్సింది టాయిలెట్ సంగతి. టెంటుకు ఎంత దూరం, దారిలో లైటు ఉందా, రాత్రి నీళ్లు వస్తాయా? ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి వ్యూ కంటే ఇదే ముఖ్యం. దీనికి సరిగ్గా సమాధానం చెప్పని చోట బుక్ చేయకండి. అర్ధరాత్రి దాకా డీజే పెట్టే చోట్లు కూడా ఉన్నాయి, ముందే కనుక్కోండి.

మీ అత్తమామలకు మోకాళ్ల నొప్పులుంటే టెంటులో కింద నుంచి లేవడం కష్టం. అప్పుడు పక్కనే గది ఉన్న చోటు తీసుకుని, వాళ్లకు గది, మీకు టెంటు పెట్టుకోండి. చలిమంట దగ్గర కూర్చోవడానికి రెండు మడత కుర్చీలు తీసుకెళ్లండి. ఉబ్బసం ఉన్న పిల్లలైనా, పెద్దలైనా డాక్టరును అడిగాకే బయలుదేరాలి, ఇన్‌హేలర్ తలగడ పక్కనే ఉండాలి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది కాబట్టి సాయంత్రం నుంచే నిండు చేతుల బట్టలు, ఓడోమాస్ తప్పనిసరి. ఇంటికొచ్చాక రెండు, మూడు వారాల్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి.

ఇక ప్రయాణం. వైజాగ్ నుంచి నర్సీపట్నం మీదుగా 100 కిలోమీటర్ల పైనే. చివరిదంతా ఘాట్ రోడ్డు, మలుపులకు పిల్లలకు వాంతులవుతాయి. నర్సీపట్నంలో పెట్రోలు నింపుకుని, నగదు తీసుకుని, పిల్లలకు తేలిగ్గా ఏదైనా పెట్టి, కాసేపు ఆగి ఎక్కండి. పైన సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకల్లా చేరాలి, ఎందుకంటే టెంటు, బాత్రూం, దారి అన్నీ వెలుతురులో చూసుకోవాలి. మా ఆయన చీకట్లో ఘాట్ రోడ్డు ఎక్కనే ఎక్కరు, నేనూ అదే మంచిదంటాను. సెలవు దొరికితే శని, ఆదివారాలు కాకుండా ఆది, సోమవారాలు పెట్టుకోండి. శనివారం అర్ధరాత్రి నుంచే కింది నుంచి బైకులూ కార్లూ వరుసకట్టి, ఆదివారం తెల్లవారేసరికి ఆ ఇరుకు రోడ్లు నిండిపోతాయి.

పొద్దున మేఘాలకు చెరువులవేనం కొండకు వెళతారు. ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు వస్తాడు, ఎండ ముదిరితే మంచు విడిపోతుంది. ఎక్కాల్సింది కాస్త ఎక్కువే కాబట్టి బాబును తీసుకుని మీలో ఒకరు వెళ్లండి, రెండోవాళ్లు పాపతో, పెద్దవాళ్లతో టీ తాగుతూ టెంటు దగ్గరే ఉండండి. టెంటు దగ్గరి మంచు కూడా తక్కువేం కాదు, పది అడుగుల దూరంలో మనిషి కనిపించడు. పాడేరు దగ్గరి వంజంగి ఇంకా గొప్పగా ఉంటుంది కానీ చీకట్లో నడిచి ఎక్కాలి. నాలుగేళ్ల పాపతో, పెద్దవాళ్లతో ఇప్పుడు వద్దు, పిల్లలు పెద్దయ్యాక చూద్దురు గాని.

ఎండెక్కాక తాజంగి రిజర్వాయరుకు వెళ్లండి. చింతపల్లి వైపు రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. డిసెంబరులో కాఫీ పళ్లు ఎర్రగా పండి కోతకు వస్తాయి. పిల్లలకు చూపించండి కానీ కోయనివ్వకండి, అవి అక్కడి గిరిజన రైతుల ఏడాది సంపాదన. ఫొటో దిగాలన్నా ముందు అడగండి. బాబుకు అల్లూరి సీతారామరాజు కథ తెలిసి ఉంటే చింతపల్లిలో కారాపి చెప్పండి: 1922 ఆగస్టు 22న ఆయన దళం మొదట దాడి చేసింది ఈ ఊరి పోలీస్ స్టేషన్ మీదే. మా వాడు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా పట్టించుకోనిది, ఆ కొండల్ని చూస్తూ వింటే దారి పొడవునా ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు.

చెత్త ఒక సంచిలో కట్టుకుని కిందికి తెచ్చేయండి. అక్కడ చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు చూస్తే నిజంగా బాధేస్తుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక రెండు, రెండున్నరకు బయలుదేరితే వెలుతురుండగానే ఘాట్ దిగిపోతారు. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా రెండో గేరులో రండి. ఇంటికి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, బొంతలు గాలి తగిలేలా ఆరేయండి. సొంత టెంటు అయితే దాన్నీ విప్పి ఆరబెట్టండి, తడితో మడిచిపెడితే వారంలో బూజు పడుతుంది.